పుష్యమాసంలో వడగాడ్పులు

పొట్నూరు గౌరీశ్వరి పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో వందకు పైగా సినిమాలు చూసింది. ఒక్కదానికీ ముగింపు చూడలేదు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. మొగుడు భానోజీరావు కొర్లపట్నం చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. ఆయన నుదుటన ఎప్పుడూ నాలుగు గంటల షిఫ్టే రాసి ఉండేది. మ్యాట్నీ రెండున్నరకు మొదలవుతుంది, నాలుగింటికి పావుగంట ముందు ఫ్యాక్టరీ సైరన్ కూస్తుంది. తెరమీద ‘విశ్రాంతి’ అని పడే వేళకి భానోజీరావు కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాడు. పెళ్లాన్ని ఒక్కదాన్నే హాల్లో వదిలి వెళ్లడానికి ఆయనకు మనసొప్పేది కాదు, ఉండిపోవడానికి ఆవిడకూ ఒప్పేది కాదు. ఇద్దరూ లేచి వచ్చేసేవారు.

పోయిన ఏడాది ఫ్యాక్టరీ మూతపడింది. ఇక ఏ సైరన్‌కీ లేవక్కర్లేదని భానోజీరావు సంబరపడేలోగా, అదే నెలలో ఊళ్లో ఉన్న ఒక్క సినిమా హాలూ కల్యాణ మండపం అయిపోయింది. టీవీలో రోజుకి పది సినిమాలు వస్తున్నాయి కదా అని మీరనవచ్చు. గౌరీశ్వరి దగ్గర మాత్రం ఆ మాట అనకండి. సబ్బుల ప్రకటనల మధ్య ముక్కలు ముక్కలుగా వచ్చేదాన్ని ఆవిడ సినిమా కింద జమకట్టదు. చీకటి ఉండాలి, గుండె అదిరే శబ్దం ఉండాలి, మధ్యలో ఎవరూ తలుపు కొట్టకూడదు. అదీ సినిమా అంటే.

“ఒక్క సినిమా అయినా ఆకర్దాకా సూడకుండానే పోతానేటో” అని ఒకరోజు చింతపండు పిసుకుతూ మామూలుగా అనేసింది ఆవిడ. ఏడుస్తూ అని ఉంటే భానోజీరావు ఓదార్చి ఊరుకునేవాడు. మామూలుగా అనడంతో ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. “నీకు సినిమా ఆలు ఇంట్లోనే కట్టిస్తానే” అని మాటిచ్చేశాడు.

మూసేసిన ఒక ఇంటర్నెట్ కొట్టు నుంచి కంప్యూటరు విడిభాగాలు తెచ్చాడు. పెళ్లిళ్లకు మైకులద్దెకిచ్చే ఆయన దగ్గర రెండు పాత స్పీకర్లు సంపాదించాడు. గోడకి పెద్ద టీవీ తగిలించాడు. పాత సినిమాని నిన్న తీసినట్టు మెరిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. అన్నీ కుదిరాయి కానీ ఆ మెరిపించే పనికి కంప్యూటరు కాలిపోతోంది. బియ్యం డబ్బాలో బిగిస్తే ఇరవై నిమిషాలకు ఆగిపోయింది. ట్రంకు పెట్టెలో పెడితే పావుగంట. పాడైన ఫ్రిజ్‌లో పెడితే చల్లగా ఉంటుందనుకున్నాడు గాని, అది అన్నిటికన్నా ముందు ఆగింది. ఇక మిగిలింది గౌరీశ్వరి సారెపెట్టె. దానివైపు చూసినందుకే ఆ పూట కూరలో ఉప్పు పడలేదు.

చివరికి పాతసామాన్ల కొట్లో దొరికింది ఆ తెల్లపెట్టె. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ చెక్కపెట్టె, నాలుగు వైపులా ఏటవాలుగా బిగించిన చెక్కపట్టీలు. ఎండ చొరబడదు, గాలి మాత్రం దర్జాగా ఆడుతుంది. లోపల సీసపు ముద్రలు వేసి బిగించిన థర్మామీటర్లు రెండున్నాయి. కంప్యూటరు ఎంత వేడెక్కిందో చూసుకోవడానికి పనికొస్తాయి కదా అని భానోజీరావు వాటి జోలికి పోలేదు. మదర్‌బోర్డు ఓ పక్కా, గ్రాఫిక్స్ కార్డు మరో పక్కా, రెండు ఫ్యాన్లు పైనా బిగించేసి స్విచ్చి వేశాడు. వేడెక్కడం వేడెక్కుతూనే ఉంది, అయినా ఈసారి ఆగలేదు.

అది పుష్యమాసం. ఊరంతా మంచుదుప్పటి కప్పుకుని ముక్కులు చీదుతోంది. మధ్యాహ్నం రెండున్నరకి కిటికీలకు దుప్పట్లు కట్టి, మొగుడూ పెళ్లాం కూర్చున్నారు. గౌరీశ్వరి పెళ్లయిన కొత్తలో సగం చూసిన సినిమానే వేశాడు భానోజీరావు. కొడుకు చెయ్యని హత్యకి బోనెక్కాడు. తీర్పు చెప్పాల్సిన జడ్జిగారు వాడి కన్నతండ్రి. ఆ సంగతి తండ్రికీ తెలియదు, కొడుక్కీ తెలియదు. తెలిసిన తల్లి సాక్షుల బోనెక్కి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చెప్పడానికి నోరు తెరిచింది.

‘విశ్రాంతి’ అని పడింది. తలుపు మీద టకటకమని చప్పుడు.

వచ్చినాయన మెడకు మఫ్లరు, చంకలో రిజిస్టరు. పేరు ఆకొండి విశ్వపతి. కొర్లపట్నానికి మండల ఉష్ణోగ్రతాధికారిగా వచ్చి తొమ్మిది రోజులైంది. “భానోజీరావు గారంటే తమరేనా? ప్రభుత్వ ఉష్ణోగ్రత తమ గృహమందు ఉన్నట్లు సమాచారం” అన్నాడు.

“ఏటుందండీ?”

“ఉష్ణోగ్రత. కొర్లపట్నం పురపాలక సంఘ పరిధికి చెందినది.”

జరిగిందేమిటంటే, ఈయనకు ముందున్న అధికారి ఆఫీసు ఆవరణలో అడ్డంగా ఉందని ఆ తెల్లపెట్టెను పాతసామాన్ల వాడికి ఇచ్చేశాడు. ఆ తర్వాత రెండేళ్లపాటు టీకొట్టు దగ్గర ఎంతమంది కోతిటోపీలు పెట్టుకున్నారో చూసి దాన్నిబట్టి ఉష్ణోగ్రత రాసుకుంటూ వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. విశ్వపతి అలాంటి మనిషి కాదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో సాయంత్రం అయిదున్నర కొలత ఒక్కనాడూ తప్పని మనిషి. పెట్టె లేని ఊళ్లో ఉద్యోగం చేయడం ఆయనకు అన్నం సహించకుండా చేసింది. తొమ్మిది రోజులు వీధి వీధీ తిరిగి, కిటికీకి కట్టిన దుప్పటి సందులోంచి తెల్లపెట్టె కాళ్లు చూసి తలుపు కొట్టాడు.

గడియారం చూసుకుంటూ అయిదున్నరదాకా కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు లేచి పెట్టె తలుపు తెరిచాడు. పగటి గరిష్ఠం చూపే థర్మామీటరు ఎక్కినచోటే నిలబడి ఉంటుంది, అధికారి చూసి విదిలిస్తే గాని దిగదు. అది నలభై ఆరు చూపిస్తోంది. విశ్వపతి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, రిజిస్టరులో రాసి, కింద సంతకం పెట్టాడు.

“బాబూ, అది కంప్యూటరు వేడండి” అన్నాడు భానోజీరావు. “బైటికొచ్చి సూడండి, మంచు కురస్తాంది.”

“బయట ఉన్నది వాతావరణం. పెట్టెలో ఉన్నది ఉష్ణోగ్రత. మా శాఖకు వాతావరణంతో సంబంధం లేదు” అన్నాడు విశ్వపతి నోరు తెరిస్తే పొగలొస్తుండగా. “నాలుగో నిబంధన: పెట్టె యందలి ఉష్ణోగ్రతయే ఊరి ఉష్ణోగ్రత.”

“అయితే మీ పెట్టె మీరట్టుకెళ్లిపోండి. నా సామాన్లు ఇప్పీసుకుంటాను.”

“తొమ్మిదో నిబంధన: పెట్టెను ఉన్న స్థానము నుండి కదిలించరాదు. పదకొండో నిబంధన: పెట్టెలో బిగించబడిన పరికరములను తొలగించరాదు. మీ ఫ్యాన్లు బిగించబడే ఉన్నాయి కదా?”

“నేనే బిగించానండి.”

“గట్టిగానే బిగించారు” అని మెచ్చుకుని, ఆయన రెండు ఫ్యాన్లకీ గ్రాఫిక్స్ కార్డుకీ సీసపు ముద్రలు వేసేశాడు.

మర్నాడు పొద్దున్న ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించారు. కొర్లపట్నంలో తీవ్రమైన వడగాడ్పులు వీస్తున్నాయి, వృద్ధులూ పిల్లలూ పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రాకూడదు. ఆ పూట పొగమంచులో ఆ ఆటో ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు, గొంతు మాత్రమే వినిపించింది. బళ్లు ఒంటిపూట చేశారు. ఏడున్నరకల్లా బడికి వెళ్లాల్సి వచ్చేసరికి పిల్లలు దుప్పట్లతో సహా బెంచీల మీద కూర్చుని ఎక్కాలు వణికారు. నాలుగు రోడ్ల కూడలిలో చలివేంద్రం వెలిసింది. దాన్ని తాటాకు పందిరి కింద మునిసిపల్ చైర్మన్ యర్రంశెట్టి సన్యాసినాయుడు స్వయంగా ప్రారంభించి, మొదటి గ్లాసు చల్లమజ్జిగ తానే తాగాడు. తాగినందుకు మాట పడిపోయింది. చైర్మన్ గారు ప్రజల కోసం గొంతు పోగొట్టుకున్నారని ఆయన మనుషులు పోస్టర్లు అంటించారు.

ఆసుపత్రిలో వడదెబ్బ వార్డు తెరిచారు. వార్డు తెరిచాక రోగులు ఉండాలి. నర్సమ్మలు ఇంటింటికీ తిరిగి “వొళ్లు వేడిగా ఉందేటి?” అని అడిగారు. ఆ చలికి ఊళ్లో సగం మందికి జ్వరాలే. ఒళ్లు వేడిగా ఉన్నవాళ్లనందర్నీ తీసుకెళ్లి మంచుగడ్డల మధ్య పడుకోబెట్టారు. దాంతో జ్వరాలు ఇంకా పెరిగాయి. వడదెబ్బ కేసులు రెట్టింపయ్యాయని జిల్లాకి కబురు వెళ్లింది. భానోజీరావు పక్కింటి లక్ష్మునాయుడు మంచుగడ్డల వార్డులోంచి పారిపోయి వచ్చి, పొయ్యిలో కాళ్లు పెట్టుకు కూర్చుని, “నీ సినిమా పాడుగానూ! నా పేణం తీసినావు గదరా!” అని వీధంతా వినేలా తిట్టాడు.

భానోజీరావుకి తిట్లు పట్టలేదు. ఆయన బాధ వేరు. తల్లి నోరు తెరిచిన దగ్గరే సినిమా ఆగిపోయింది. ఆవిడ ఏం చెప్పిందో గౌరీశ్వరికి ఇంకా తెలియలేదు. రెండున్నరకి కంప్యూటరు వేద్దామంటే విశ్వపతి ముందే వచ్చి కూర్చుంటాడు, పరాయి మనిషి ఎదుట గౌరీశ్వరి విశ్రాంతి దాటనివ్వదు. వెయ్యకుండా ఊరుకుందామంటే అదీ కుదరదట. తనిఖీ నాడు ఆడుతున్న సినిమా రోజూ ఆడాలి, మానేస్తే ఊరిని కృత్రిమంగా చల్లార్చిన నేరం కిందికి వస్తుంది.

దాంతో ఆయన బస్సెక్కి జిల్లా ఉష్ణ కార్యాలయానికి వెళ్లాడు. జిల్లా ఉష్ణాధికారి స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, బల్ల కింద కుంపటి పెట్టుకుని, కొర్లపట్నం వడగాడ్పుల ఫైలే చదువుతున్నాడు.

“అయ్యా, తమరు ఆ పెట్టి కదపాల” అన్నాడు భానోజీరావు చేతులు కట్టుకుని.

“కదపడానికి వీల్లేదు.”

“అయితే నన్ను కదిలిపొమ్మంటారా?”

ఉష్ణాధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. “తమరు కదలవచ్చును. తమ విషయమై నిబంధన ఏదీ లేదు.”

“పోనీ ఆఫీసు దగ్గర కొత్త పెట్టి పెట్టీయండి. ఇది నాకొగ్గీయండి.”

“ఒకే ఊరికి రెండు ఉష్ణోగ్రతలా?” ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. “చూడండీ, ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాకు పేరంటూ లేదు. ఎండల్లో మనం ఎప్పుడూ అయిదో స్థానం, ఆరో స్థానం. ఇవాళ పుష్యమాసంలో దేశం మొత్తానికి మొదటి స్థానంలో ఉన్నాం. పక్క జిల్లా వాళ్లు పెట్టె ఎలా బిగించారని రహస్యంగా ఫోన్లు చేస్తున్నారు. తమరు చేసిన సేవ తమకు తెలియడం లేదు.”

వచ్చేటప్పుడు భానోజీరావు చేతిలో ఒక కాగితం పెట్టారు. ఆయనను ‘గౌరవ ఉష్ణ సహాయకుడు’గా నియమించినట్టు అందులో ఉంది. గౌరీశ్వరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో తల్లేటి సెప్పిందో రాశారేటి?” అని అడిగింది. రాయలేదని చెప్పి ఆయన తల దించుకున్నాడు.

ఆ మర్నాడు ఆవిడే పట్టుబట్టింది. విశ్వపతి ఉంటే ఉండనీ, రెండో సగం కూడా వెయ్యమంది. వేశాడు భానోజీరావు. తల్లి నోరు తెరిచీ తెరవగానే కోర్టు హాల్లో దీపాలు ఆరిపోయాయి, విలన్ మనుషులు దూకారు, ఫైటింగు మొదలైంది. ఫైటింగు అంటే కంప్యూటరుకి చావే. ఎగిరే ప్రతి కుర్చీనీ, విరిగే ప్రతి బల్లనీ అది కొత్తదానిలా మెరిపించాలి. పెట్టెలోంచి మాడిన వాసన వచ్చింది. పెట్టె దగ్గరే ముక్కాలిపీట వేసుకు కూర్చున్న విశ్వపతి “నలభై తొమ్మిదిన్నర! ఆపండి!” అని పెద్దకేక పెట్టి తానే స్విచ్చి కట్టేశాడు. 

“ఏటైనాదండీ?” అంది గౌరీశ్వరి.

“అమ్మా, యాభై డిగ్రీలు దాటితే ఊరు నివాసయోగ్యం కాదు. అర్ధగంటలో మొత్తం ఖాళీ చేయించాలి. ముసలీ ముతకా, గొడ్డూ గోదా అందరినీ లారీల్లో చల్లటి ప్రాంతానికి తరలించాలి. నిబంధన ఇరవై రెండు.”

ఈ మాట చెవిన పడేసరికి మాట పడిపోయిన సన్యాసినాయుడికి మాట తిరిగొచ్చింది. ఊరు ఖాళీ అయితే చైర్మన్ ఎవరికి? పరుగున వచ్చి, “ఏటీ, నా వార్డులన్నీ లారీలెక్కించేస్తావా? ఆ సినిమా సగంలో ఆపీ! నలభై ఆరు మనకి సాలు! మంచి పేరొచ్చింది, మజ్జిగొచ్చింది. యాభై మనకొద్దు!” అని గుమ్మంలోనే తీర్మానం చేశాడు. సాయంత్రానికి జిల్లా నుంచి ఉత్తర్వు దిగింది. కొర్లపట్నం ఉష్ణోగ్రతా కేంద్రమునందు ప్రదర్శింపబడు చలనచిత్రము యొక్క విశ్రాంతి అనంతర భాగము ప్రజాక్షేమము దృష్ట్యా నిషేధించడమైనది. విశ్రాంతి పూర్వభాగము యథావిధిగా ప్రతిదినము ప్రదర్శింపవలెను.

అలా రోజూ రెండున్నరకి మొదటి సగం, నాలుగింటికి ‘విశ్రాంతి’, అయిదున్నరకి నలభై ఆరు, సంతకం. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఇరవై నాలుగేళ్లు సగం సినిమాలు చూసిన మనిషికి ఇప్పుడు ప్రభుత్వమే రోజూ సగం సినిమా చూపిస్తోంది. భానోజీరావు లోలోపల కుమిలిపోయాడు. రాత్రిపూట దొంగచాటుగా రెండో సగం వేసినా, ఎక్కినచోటే నిలబడే ఆ థర్మామీటరు మర్నాడు పట్టిచ్చేస్తుంది. హాలు కట్టిస్తానని మాటిచ్చి, పెళ్లాన్ని మళ్లీ అదే హాల్లో, అదే విశ్రాంతి దగ్గర కూర్చోబెట్టాడు. ముద్రలు తెంచేద్దామా అని స్క్రూడ్రైవరు పట్టుకుని పెట్టె చుట్టూ తిరిగేవాడు. ముద్ర తెంచితే జైలట. పోనీ జైలుకే పోదామనుకునేవాడు. తాను జైల్లో ఉంటే సినిమా ఎవరు వేస్తారని ఆగిపోయేవాడు.

పదిహేడో రోజున నాలుగింటికి ‘విశ్రాంతి’ అని పడగానే భానోజీరావు అలవాటు ప్రకారం లేవబోయాడు. గౌరీశ్వరి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రిమోట్ ఆవిడ ఒళ్లో ఉంది.

“ఈయాల ఆకర్దాకా సూస్తాను” అంది.

విశ్వపతి ముక్కాలిపీట మీంచి లేచాడు. “అమ్మా, ఉత్తర్వు ఉంది.”

“ఉంటే ఉండనీయండి బాబూ. లారీలు రమ్మనండి. ఎల్లేవోళ్లు ఎల్తారు. దుప్పట్లెలాగా కప్పుకునే ఉన్నారు. రేపొచ్చీస్తారు. నాను ఇరవై నాలుగేళ్లు లేచి ఎల్లిపోనాను, నన్నెవలూ లారీ ఎక్కించలేదు.”

“నలభై వేల మంది జనాభా అమ్మా!”

“బాబూ, ఒక్క మాటడుగుతాను. తల్లేటి సెప్పిందో తెలుసుకోవాలని మీకు నేదా? మీరూ పదిహేడు రోజులు సూసినారు కదా?”

విశ్వపతి నోరు తెరిచాడు. సాక్షుల బోనులో ఆ తల్లిలాగే, తెరిచిన నోటి నుంచి మాట రాలేదు. కాసేపటికి మఫ్లరు సర్దుకుని చాలా మెల్లగా అన్నాడు. “అమ్మా, నేనూ ఉద్యోగంలో చేరినప్పట్నుంచి మ్యాట్నీలే చూశాను. అయిదున్నర కొలతకి అందుకోవాలి కదా. సినిమా హాలు నుంచి ఆఫీసుకి గంట నడక. ప్రతిసారీ విశ్రాంతికే లేచేవాణ్ణి.”

 ఆ తర్వాత ఆయన ముక్కాలిపీటని పెట్టె దగ్గర్నుంచి టీవీ ముందుకి జరుపుకున్నాడు. “చూద్దాం. కాని అయిదున్నరకి ఎంత ఉంటే అంతే రాస్తాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు” అన్నాడు.

“రాయండి” అంది గౌరీశ్వరి, బొత్తాం నొక్కుతూ.

ఫైటింగు వచ్చింది, నలభై తొమ్మిది దాటింది. గుర్రాలు వచ్చాయి, యాభై దాటింది. విలన్ పెట్రోలు గోదాం తగలబడింది, పెట్టెలో యాభై రెండు. ఎవరూ అటు తిరిగి చూడలేదు. భానోజీరావు విసనకర్ర తెచ్చి పెట్టెకి విసురుతూ కూర్చున్నాడు. పైకి చెప్పలేదు గాని ఆయనకు కళ్లు చెమర్చాయి. పక్కన పెళ్లాం, ముందు సినిమా, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. జీవితంలో ఇంత సుఖం ఆయనెరగడు.

అయిదూ ఇరవైకి విలన్ జడ్జిగారి మీద తుపాకీ పేల్చాడు. తల్లి అడ్డం వచ్చి ఆ గుండు తన గుండెకి తీసుకుంది. కొడుకు ఒళ్లో తల పెట్టుకుని, “బాబూ, ఆయనే మీ నాన్న” అని చెప్పి ప్రాణం విడిచింది. తండ్రీ కొడుకులు కౌగిలించుకున్నారు. గోడ మీద తల్లి ఫొటోకి దండ పడింది. ‘శుభం’ అని వచ్చింది.

విశ్వపతి మఫ్లరుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. గౌరీశ్వరి తెరవైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. భానోజీరావు విసరడం ఆపి ఆవిడ మొహం చూశాడు.

“ఇంతేనేటి?” అంది ఆవిడ.

“ఏటే, బాగోనేదా?” అన్నాడు భానోజీరావు.

“సంపీసినారు. అన్నేళ్లు కష్టపడి పెంచిందాన్ని సంపీసి, దండేసీసి, శుభమంటారేటి? నాననుకున్నది ఇది కాదు.”

విశ్వపతి అప్పటికే లేచి రిజిస్టరు అందుకున్నాడు. అయిదూ ఇరవై ఎనిమిది. కలం మూత తీసి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. “తమరేమనుకున్నారు?”

ఇరవై నాలుగేళ్లలో ఆవిడని ఈ మాట అడిగినవాళ్లు లేరు. ముగింపులు చూడని మనిషికి ముగింపులు కట్టుకోక తప్పదు. హాలు నుంచి ఇంటికి నడిచి వచ్చే దారిలో ప్రతి సినిమాకీ ఒకటి కట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. కొంగు నడుముకి చుట్టుకుని మొదలుపెట్టింది.

“తల్లి నోరు తెరిసింది కదా. మళ్లీ మూసీసింది. ‘జడ్జీ బాబూ, తెల్లారి కాడ్నుంచీ ఎవులూ ఎంగిలి పడ్నేదు. మా ఇంటికి రండి, అన్నాలు తిని మాటాడుకుందాం’ అంది. అందర్నీ తీసుకెళ్లి ఆకులేసింది. జడ్జిగారినీ కొడుకునీ ఎదురూ బొదురూ కూకోబెట్టింది. ములక్కాడల పులుసు పోసింది. జడ్జిగారు ములక్కాడ నమిలి, పిప్పి ఆకుకి ఎడమేపు వరసాగ్గా పెట్టినారు, పుల్లలు పేర్సినట్టు. ఎదురుగా ఆడూ అలాగే పెట్టినాడు. ఎడమేపు, వరసాగ్గా. జడ్జిగారు సూసినారు. తినడం ఆపీసినారు. తల్లి ఏటీ అన్నేదు. ఇంకాస్త పులుసు పోసింది.”

ఆవిడ ఆగింది. 

“మరి విలన్?” అన్నాడు విశ్వపతి, చేతిలో కలం చేతిలోనే ఉంది.

“ఆడికీ వడ్డించింది. కడుపు నిండినోడు తుపాకీ ఎక్కడ పెట్టినాడో ఆడికే తెల్దు. సెయ్యి కడుక్కుందారని లేచినాడు, ‘మజ్జిగ పోస్తాను, కూకో’ అంది.”

“పోసిందా?”

“పోయదేటి? ఆవకాయ కూడా ఏసింది.”

విశ్వపతి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. కలం మూత పెట్టి తీస్తూ, పెట్టి తీస్తూ చాలాసేపు కూర్చున్నాడు. “ఎడమవైపు వరుసగా” అని ఒకసారి, మళ్లీ ఒకసారి తనలో తాను అనుకున్నాడు. “మా నాన్నగారు కూడా అంతేనమ్మా” అన్నాడు. ఆయన గడియారం చూసుకునేసరికి అయిదూ నలభై అయిదు. అయిదున్నర కొలత అయిదూ ముప్పై అయిదు దాటితే చెల్లదు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆ గడి ఖాళీగా మిగిలిపోయింది.

గడి ఖాళీ అయితే ఆనాడు ఊళ్లో ఉష్ణోగ్రత లేనట్టే. ఉష్ణోగ్రతే లేని ఊళ్లో వడగాడ్పులు ఉండడానికి వీల్లేదు. మర్నాటికల్లా హెచ్చరిక దానంతటదే రద్దయింది. పిల్లలు తొమ్మిదింటికి బడికి వెళ్లారు, మజ్జిగ పందిరి కింద మిర్చిబజ్జీల బండి వచ్చింది, వార్డులో మంచుగడ్డలు చేపల మార్కెట్టుకి తరలిపోయాయి. దేశంలో మొదటి స్థానం పోయినందుకు జిల్లా ఉష్ణాధికారి రెండు పూటలు భోజనం మానేసి, ఆ ఖాళీ గడి సంగతి తేలేదాకా కొత్త కొలత రాయరాదంటూ విశ్వపతికి తాఖీదు పంపాడు. తేదీ ఫలానా నాటి సాయంకాలపు కొలత నమోదు కాకపోవుటకు కారణమును రాతపూర్వకముగా తెలుపవలెను.

అబద్ధం రాయడం చేతకాని విశ్వపతి రాత్రంతా ఆలోచించి ఒక్క వాక్యం రాశాడు: “సినిమా ముగింపు బాగులేనందున.”

ఆ ఫైలు నెలరోజులు బల్ల బల్లా తిరిగింది. సదరు ముగింపు నిజముగానే బాగులేదా, లేక అధికారి అట్లు భావించినాడా అన్నది ముందుగా తేలవలసి ఉన్నదని పైవాళ్లు రాశారు. తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘం ఒకటి వేశారు. ఒకానొక శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆ ముగ్గురూ ఫైళ్లు పట్టుకుని భానోజీరావు ఇంట్లో దిగారు. వాళ్ల వెనకే మఫ్లరుతో విశ్వపతి. ఆయన తన కుర్చీ తానే తెచ్చుకున్నాడు.

గౌరీశ్వరి అందరికీ టీలిచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, రిమోట్ చేతిలోకి తీసుకుంది.

“విశ్రాంతి దాకా సూడండి బాబూ, సాలు” అంది. “తరవాత్తి నాన్సెప్తాను.”